బద్దె పురుగు ఏ జాతిదో డీఎన్ఏతో తేల్చడం ఎలా: నమూనా సీసా నుంచి రిపోర్టు దాకా

మలంలో తెల్లటి ముక్కలు పడుతున్నాయని రోగి వస్తాడు. మైక్రోస్కోప్ కింద టీనియా అనే బద్దె పురుగు గుడ్లు కనిపిస్తాయి. ల్యాబ్ అదే రాసి పంపుతుంది. వెంటనే డాక్టర్ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది: "ఇది పంది మాంసం నుంచి వచ్చే రకమా, గొడ్డు మాంసం నుంచి వచ్చే రకమా?"

గుడ్లు చూసి ఈ మాట చెప్పలేం. పంది మాంసం నుంచి వచ్చే టీనియా సోలియం, గొడ్డు మాంసం నుంచి వచ్చే టీనియా సాజినేటా, పంది కాలేయం నుంచి వచ్చే టీనియా ఏసియాటికా మూడింటి గుడ్లూ ఒకేలా ఉంటాయి. 30 నుంచి 40 మైక్రాన్ల గుండ్రటి గుడ్డు, గీతలున్న మందపాటి పెంకు, లోపల ఆరు కొక్కేలు. సాజినేటా అయితే మందు వేస్తే చాలావరకు సరిపోతుంది. సోలియం అయితే సంగతి వేరు. ఆ గుడ్లు కడగని చేతుల మీదుగా ఎవరి నోట్లోకైనా వెళ్తే, పిల్ల పురుగులు మెదడుకు చేరి తిత్తులు కడతాయి, మూర్ఛ వస్తుంది. పంది మాంసం ఎప్పుడూ ముట్టని ఇంట్లోనూ ఇది జరుగుతుంది. అందుకే జాతి పేరు కచ్చితంగా కావాలి.

ల్యాబ్ టెక్నీషియన్లు, మైక్రోబయాలజీ పీజీ విద్యార్థులు, నమూనాలు పంపే డాక్టర్లు పదే పదే అడుగుతున్నందున మొత్తం పనిని వరసలో రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. ఈ పరీక్ష చెడిపోయేది ఎక్కువగా డీఎన్ఏ నకళ్లను పెంచే పీసీఆర్ మెషీన్‌లో కాదు, నమూనా సీసాలో. అందుకే ఆ భాగం పొడుగ్గా ఉంటుంది.

1. ముందు ఇది తేల్చుకోండి: డీఎన్ఏ పరీక్ష అవసరమా?

ప్రతి కేసుకూ పీసీఆర్ అక్కర్లేదు. పురుగు తల దొరికితే మైక్రోస్కోప్ చాలు. సోలియం తల మీద రెండు వరసల కొక్కేలుంటాయి, సాజినేటా తల మీద ఉండవు. కొక్కేలు లేనంత మాత్రాన అది సాజినేటానే అనలేం, ఏసియాటికా కూడా కావచ్చు. కొక్కేలు కనిపిస్తే మాత్రం అనుమానం అక్కర్లేదు.

గుడ్లతో నిండి పండిన ముక్క చెక్కుచెదరకుండా దొరికితే గర్భాశయం కొమ్మలు లెక్కపెడతారు. ఒక పక్కన 7 నుంచి 13 ఉంటే సోలియం, 12 నుంచి 30 ఉంటే సాజినేటా అని పుస్తకాల లెక్క. 12, 13 దగ్గర రెండూ కలిసిపోతాయి. ముక్క ఎండినా నలిగినా కొమ్మలు కనిపించవు. ఇక్కడే డీఎన్ఏ పనికొస్తుంది.

పీసీఆర్ చేయాల్సిన సందర్భాలు:

- గుడ్లు మాత్రమే దొరికినప్పుడు
- ముక్కలు చితికిపోయినప్పుడు, కొమ్మల లెక్క తేలనప్పుడు
- ఇంట్లో ఒకరికి మెదడులో తిత్తులు బయటపడి, కడుపులో పురుగు మోస్తున్నది ఎవరో వెతుకుతున్నప్పుడు
- పచ్చి చేప తినే అలవాటుండి, మూతలాంటి కొన ఉన్న గుడ్లు కనిపించినప్పుడు

చివరిది మన ఊళ్లలో అరుదు. జపాన్‌లోనో అమెరికాలోనో ఉంటూ పచ్చి సాల్మన్ తినే మనవాళ్ల విషయంలో మాత్రం గుర్తుంచుకోవాలి. చేపల ద్వారా వచ్చే డైబోత్రియోసెఫాలస్ పురుగుల్లోనూ జాతిని గుడ్డు చూసి చెప్పలేం.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే హైమెనోలెపిస్ నానా అనే మరుగుజ్జు బద్దె పురుగుకు మామూలుగా పీసీఆర్ అక్కర్లేదు. దాని గుడ్డులో లోపలి పొర రెండు కొనల నుంచి సన్నటి దారాలు బయల్దేరతాయి, కళ్లతోనే గుర్తుపట్టొచ్చు.

మరో అపోహ ఉంది. మెదడులో తిత్తులున్నాయో లేదో మల పరీక్ష చెప్పదు. అది స్కాన్, రక్త పరీక్షల పని. తిత్తులున్న చాలామంది కడుపులో ఆ సమయానికి పురుగు ఉండదు కూడా. మలంలో పీసీఆర్ నెగటివ్ వచ్చిందని మూర్ఛకు కారణం ఇది కాదని ఎవరూ రాయకూడదు.

2. నమూనా సేకరణ: మొత్తం ఫలితం ఇక్కడే తేలిపోతుంది

ఆస్పత్రుల్లో మలం నమూనాలను ఫార్మలిన్‌లో వేయడం పాత అలవాటు. మైక్రోస్కోప్‌కు అది బాగానే ఉంటుంది. డీఎన్ఏకి మాత్రం ఫార్మలిన్ శత్రువు. ప్రొటీన్లనూ డీఎన్ఏనూ కలిపి బిగించేస్తుంది, పొడుగాటి పోగుల్ని తుంచేస్తుంది. వారం తర్వాత ఆ సీసాలోంచి వచ్చేది చిన్న చిన్న తునకలే.

దీనివల్ల పడే దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. జాతి తేల్చడానికి ఎక్కువగా వాడే, అన్ని జాతులనూ ఒకే ట్యూబ్‌లో వెతికే మల్టీప్లెక్స్ పీసీఆర్‌లో ఏసియాటికా బ్యాండ్ (జెల్ మీద కనిపించే డీఎన్ఏ గీత) పొడవు 269 బేస్ పెయిర్లు (డీఎన్ఏ పొడవు కొలత), సాజినేటాది 827. మన దేశంలో కనిపించే ఆసియా రకం సోలియందే అన్నిటికంటే పొడుగు, 984. తునకలైన డీఎన్ఏలో మొదట చచ్చేది ఆ పొడుగు బ్యాండే. అంటే మనం అన్నిటికంటే భయపడాల్సిన పురుగునే, చెడిపోయిన నమూనా ముందుగా దాచేస్తుంది.

కాబట్టి వరస ఇది:

మొదట, మందు వేయకముందే ఒక నమూనా తీసుకోండి. గుడ్లు రోజూ ఒకేలా పడవు. ముక్కలు దొరక్కపోతే రోజు విడిచి రోజు మూడు నమూనాలు అడగండి.

రెండోది, రోగికి వివరంగా చెప్పండి. మలాన్ని టాయిలెట్ నీళ్లలోంచి తీయకూడదు, మూత్రం కలవకూడదు. శుభ్రమైన పొడి డబ్బాలోకో పరిచిన కాగితం మీదకో వెళ్లి, అక్కడి నుంచి చెంచాతో తీయాలి. ముక్కలు కనిపిస్తే చెంచాతోనే విడి సీసాలోకి వేయాలి, చేత్తో తాకకూడదు. సాజినేటా ముక్కలు మల విసర్జనతో సంబంధం లేకుండా తమంతట తామే పాకి బయటికొస్తాయి. సోలియం ముక్కలు ఎక్కువగా మలంతోనే, చిన్న గొలుసుల్లా పడతాయి. లోదుస్తుల్లో ముక్కలు కనిపించాయా అని తప్పకుండా అడిగి రాసుకోండి. దాన్నిబట్టి తీర్పు ఇవ్వకూడదు గానీ, చివర్లో ఫలితంతో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

మూడోది, ముక్కను సెలైన్‌లో రెండు మూడుసార్లు కడిగి, కనీసం 70 శాతం ఇథనాల్‌లో వేయండి. 95 శాతం దొరికితే ఇంకా మంచిది. ముక్కలో నీరుంటుంది కాబట్టి మర్నాడు ఆ ఇథనాల్ పారబోసి కొత్తది పోయండి. మెడికల్ షాపు స్పిరిట్ వద్దు, అందులో ఇంకేం కలిపారో తెలియదు. మలమైతే ఒక వంతుకు మూడు వంతుల ఇథనాల్ పోసి బాగా కలపండి. కలపకుండా వదిలేస్తే పైన ఇథనాల్, అడుగున కుళ్లు. ఇథనాల్ లేకపోతే 2.5 శాతం పొటాషియం డైక్రోమేట్ వాడొచ్చు, డీఎన్ఏ తీసేముందు మాత్రం దాన్ని పూర్తిగా కడగాలి.

నాలుగోది, లేబుల్. పెన్నుతో రాసిన పేరు ఇథనాల్ చుక్క పడితే కరిగిపోతుంది. పెన్సిల్‌తో చిన్న కాగితం ముక్క మీద రాసి సీసా లోపలే వేయండి, పైన ఇంకో లేబుల్ అంటించండి. ఒకే ఇంటి నుంచి నాలుగు సీసాలు వచ్చి, అన్నిటి మీదా సిరా మసకగా మిగిలితే అది ఏ పీసీఆరూ సరిచేయలేని నష్టం.

మందు వేశాక పురుగు పడేలా చూడాలంటే డాక్టర్‌తో ముందే మాట్లాడండి. ప్రాజిక్వాంటెల్ వాడితే పురుగు చితికిపోయి బయటికొస్తుంది. నిక్లోసమైడ్ ఇచ్చి తర్వాత విరేచనాల మందు ఇస్తే పొడుగు ముక్కలూ, అదృష్టం ఉంటే తలా దొరుకుతాయి. మెదడులో తిత్తులు ఉండొచ్చన్న అనుమానం ఉన్నవారికి ప్రాజిక్వాంటెల్ వేస్తే మూర్ఛ రావచ్చు. ఇంతకుముందు ఫిట్స్, తీవ్రమైన తలనొప్పి ఉన్నాయా అన్నది మందుకు ముందే అడగాల్సిన ప్రశ్న.

సీసా కట్టేముందు చూసుకోండి:

- ఫార్మలిన్ కాదు, ఇథనాల్ అని సీసా మీద రాశారా?
- ముక్కలూ మలమూ వేర్వేరు సీసాల్లో ఉన్నాయా?
- లోపల పెన్సిల్ చీటీ ఉందా?
- మందు వేశారా, వేస్తే ఏది, ఏ తేదీన?
- మూతకు పారాఫిల్మ్ చుట్టి, లీకు కాకుండా రెండో కవర్‌లో పెట్టారా?

3. మీ జాగ్రత్త

సోలియం గుడ్డు నోట్లోకి వెళ్తే మీకూ అదే జబ్బు. జాతి తేలేదాకా ప్రతి నమూనానూ సోలియం అనుకునే పట్టుకోండి. పండిన ముక్కను నొక్కితే వేల గుడ్లు బయటపడతాయి. ఇథనాల్‌లో ఉంది కదా, గుడ్లు చచ్చి ఉంటాయని అనుకోవద్దు. ఆ పెంకు చాలా గట్టిది. తాజా నమూనాలను తెరిచేముందు మైనస్ 80 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచడం మంచి పద్ధతి. గ్లౌజులు, సేఫ్టీ క్యాబినెట్, పని అయ్యాక వాడినవన్నీ ఆటోక్లేవ్. గ్లౌజులు తీశాక సబ్బుతో చేతులు కడగడం మాత్రం ఎప్పుడూ మానకూడదు.

4. డీఎన్ఏ తీయడం

ముక్క నుంచి: బియ్యపు గింజంత తునక చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ డీఎన్ఏ వస్తుందన్నది ఇక్కడ పనిచేయదు, కిట్‌లో డీఎన్ఏను వడగట్టే కాలమ్ మూసుకుపోతుంది. ఇథనాల్‌ను బఫర్‌తో కడిగి, మిగిలింది ఆరనిచ్చి, ప్రొటీన్లను కరిగించే ప్రొటినేజ్ కె ఎంజైమ్ వేసి 56 డిగ్రీల దగ్గర కరిగేదాకా, అవసరమైతే రాత్రంతా ఉంచండి. తర్వాత మామూలు టిష్యూ కిట్.

విడి గుడ్ల నుంచి: మైక్రోస్కోప్ కింద సన్నటి పిపెట్‌తో గుడ్లను ఏరి, 20 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో వేసి 95 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేస్తే చాలు. ఆ ద్రవంలోంచి ఒక మైక్రోలీటర్ నేరుగా పీసీఆర్‌లోకి వెళ్తుంది. ఖర్చు దాదాపు లేదు. కిట్లు కొనలేని కాలేజీ ల్యాబ్‌లకు నేను ముందు చెప్పేది ఇదే.

మలం నుంచి: ఇదే కష్టమైనది. మలంలోని పిత్త లవణాలు, మొక్కల పిండి పదార్థాలు పీసీఆర్ ఎంజైమ్‌ను ఆపేస్తాయి. దానికితోడు గుడ్డు పెంకు కణాలను కరిగించే మామూలు లైసిస్ బఫర్‌కు లొంగదు.

- ఇథనాల్‌లోని మలాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి, బఫర్‌తో రెండు మూడుసార్లు కడగండి.
- సుమారు 200 మిల్లీగ్రాములు తీసుకోండి.
- పెంకు పగలగొట్టడానికి గాజు పూసలతో కలిపి గట్టిగా కుదిపే బీడ్ బీటింగ్ చేయండి. ఆ మెషీన్ లేకపోతే గడ్డకట్టించి మరిగించడం నాలుగైదు సార్లు చేయండి.
- తర్వాతే మలానికి ప్రత్యేకంగా చేసిన కిట్ వాడండి.
- ప్రతి బ్యాచ్‌లో నమూనా లేని ఖాళీ ట్యూబ్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా నడపండి.

ఆ ఖాళీ ట్యూబ్‌ను దండగ ఖర్చనుకునేవాళ్లు చాలామంది. అందులో బ్యాండ్ వచ్చిన రోజున మాత్రం, ఒక కుటుంబం మొత్తానికి తప్పు రిపోర్టు వెళ్లకుండా ఆపేది అదే.

5. ఏ జన్యువు, ఏ పద్ధతి?

మైటోకాండ్రియాలోని కాక్స్1 జన్యువుతో మొదలుపెట్టండి. ప్రతి కణంలో దాని నకళ్లు చాలా ఉంటాయి కాబట్టి కొద్దిపాటి నమూనాలోనూ దొరుకుతుంది. సాజినేటాకూ ఏసియాటికాకూ మధ్య కూడా ఈ జన్యువులో 4, 5 శాతం దాకా తేడా ఉంటుంది.

మీ దగ్గరున్నది మంచి ముక్క అయితే 2004లో యమసాకి బృందం ప్రచురించిన కాక్స్1 మల్టీప్లెక్స్ సరిపోతుంది. నాలుగు ప్రత్యేక ప్రైమర్లు (కావాల్సిన జన్యువు దగ్గర అతుక్కునే చిన్న డీఎన్ఏ తునకలు), ఒక ఉమ్మడి రివర్స్ ప్రైమర్. ఫలితం బ్యాండ్ సైజులోనే తెలిసిపోతుంది:

- 984: సోలియం, ఆసియా రకం
- 720: సోలియం, అమెరికా–ఆఫ్రికా రకం
- 827: సాజినేటా
- 269: ఏసియాటికా

టీనియా కాకపోవచ్చని అనుమానముంటే జేబీ3, జేబీ4.5 అనే ప్రైమర్ల జంట వాడండి. బద్దె పురుగుల్లో చాలావాటికి పనిచేస్తుంది, సుమారు 450 బేస్ పెయిర్ల ముక్క ఇస్తుంది. కాకపోతే సైజు చూసి జాతి చెప్పలేం, డీఎన్ఏ అక్షరాల వరస చదివే సీక్వెన్సింగ్‌కు పంపాల్సిందే.

మలమో, పాత నమూనానో అయితే పొడుగు బ్యాండ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. చిన్న డీఎన్ఏ ముక్కలను వెతికే, జెల్ లేకుండా మెషీన్‌లోనే ఫలితం చూపే రియల్ టైమ్ పీసీఆర్ వైపు వెళ్లండి. పీసీఆర్ మెషీన్ లేనిచోట ఒకే వేడి దగ్గర నడిచే లాంప్ పద్ధతి కూడా టీనియా జాతులకు ఉంది. అయితే అందులో కాలుష్యం, అంటే వేరే ట్యూబ్ డీఎన్ఏ కలవడం, చాలా త్వరగా వస్తుంది. పని అయ్యాక ట్యూబ్ మూత తెరవకూడదు.

6. పీసీఆర్ నడిపే రోజు

మాస్టర్ మిక్స్ (ఎంజైమ్, ప్రైమర్లు వగైరా కలిసిన ద్రవం) కలిపే చోటు, డీఎన్ఏ వేసే చోటు, జెల్ నడిపే చోటు మూడూ వేరుగా ఉండాలి. గదులు లేకపోతే కనీసం టేబుళ్లు, పిపెట్లు వేరు చేయండి. జెల్ దగ్గర వాడిన పిపెట్ తిరిగి మిక్స్ టేబుల్ దగ్గరికి రాకూడదు.

వరస:

1. ముందు మిక్స్ కలిపి ట్యూబుల్లో పోయండి.
2. డీఎన్ఏ బదులు నీళ్లే వేసే నీళ్ల కంట్రోల్ ట్యూబ్ మూత పెట్టేయండి.
3. నమూనాల డీఎన్ఏ వేయండి. మలం డీఎన్ఏను నేరుగా ఒక ట్యూబ్‌లో, పది రెట్లు పలచన చేసి ఇంకో ట్యూబ్‌లో వేయండి.
4. ఖాళీ ట్యూబ్ నుంచి వచ్చిన ద్రవం వేయండి.
5. చివరగా పాజిటివ్ కంట్రోల్, అంటే జాతి ముందే తెలిసిన డీఎన్ఏ. అది ఎప్పుడూ ఆఖరిదే.

ప్రోగ్రామ్: 94 డిగ్రీల దగ్గర మూడు నుంచి ఐదు నిమిషాలు. తర్వాత 94 దగ్గర 30 సెకన్లు, ప్రైమర్ అతుక్కునే వేడి దగ్గర 30 సెకన్లు, 72 దగ్గర 90 సెకన్లు, ఇలా 35 సార్లు. చివర 72 దగ్గర ఐదు నిమిషాలు. అతుక్కునే వేడిని మీ మెషీన్‌లో గ్రేడియంట్ పెట్టి (ఒకేసారి వేర్వేరు వేడులు ప్రయత్నించి), తెలిసిన డీఎన్ఏతో ఒకసారి తేల్చుకోండి. పేపర్లో ఉన్న అంకె మీ ఎంజైమ్‌కు సరిపోకపోవచ్చు.

జెల్ 2 శాతం ఉండాలి, పొడవు పోల్చుకోవడానికి 100 బేస్ పెయిర్ల ల్యాడర్ ఉండాలి. 827, 720 పక్కపక్కనే ఉంటాయి. తొందరపడి 20 నిమిషాల్లో జెల్ ఆపేస్తే సాజినేటా ఏదో, 720 రకం సోలియం ఏదో తేల్చలేరు.

7. ఇబ్బందులు వస్తే

ఏ ట్యూబ్‌లోనూ బ్యాండ్ లేదు, పాజిటివ్‌లోనూ లేదు: మిక్స్‌లోనో ప్రోగ్రామ్‌లోనో తప్పుంది. నమూనాల గురించి ఏమీ చెప్పకుండా మళ్లీ నడపండి.

పాజిటివ్ వచ్చింది, నమూనాలో రాలేదు: ఇక్కడ "నెగటివ్" అని రాసేయడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. ఆ నమూనా డీఎన్ఏలోనే కొద్దిగా పాజిటివ్ డీఎన్ఏ కలిపి నడపండి. అప్పుడూ రాకపోతే నమూనా పీసీఆర్‌ను ఆపుతోందని అర్థం. పలచన చేయండి, మిక్స్‌లో అలాంటి అడ్డంకులను తగ్గించే బీఎస్ఏ ప్రొటీన్ కలపండి, లేదా డీఎన్ఏ మళ్లీ తీయండి. కలిపినప్పుడు బ్యాండ్ వస్తే, అప్పుడు నెగటివ్ మాటకు విలువ ఉంటుంది.

రెండు బ్యాండ్లు: ఒకే మనిషిలో రెండు జాతులు ఉండొచ్చు గానీ, ముందు కాలుష్యాన్నే అనుమానించండి. సీసాలో మిగిలిన నమూనాతో మొదటి నుంచి చేయండి. వేర్వేరు ముక్కలుంటే ఒక్కో ముక్కకు విడిగా.

నీళ్ల ట్యూబ్‌లో బ్యాండ్: ఆ రోజు ఫలితాలన్నీ రద్దు. "మిగతావి బాగానే ఉన్నాయి కదా" అని ఏరుకోవద్దు.

269 దగ్గర మసక బ్యాండ్ ఒక్కటే: చిన్న ముక్కలు తేలిగ్గా పెరుగుతాయి. ఏసియాటికా ఎక్కువగా తూర్పు, ఆగ్నేయ ఆసియా దేశాల్లో పంది కాలేయం ద్వారా వచ్చేది. సీక్వెన్సింగ్ చేయకుండా ఆ పేరు రిపోర్టులో పెట్టకండి.

8. సీక్వెన్స్ చదవడం

రెండు వైపుల నుంచీ సీక్వెన్స్ చేయించండి. క్రోమటోగ్రామ్ (సీక్వెన్స్ అక్షరాలను శిఖరాలుగా చూపే గ్రాఫ్) తెరిచి కళ్లతో చూడండి. మొదటి, చివరి గజిబిజి భాగాలు కత్తిరించండి, ప్రైమర్ భాగాలు కూడా తీసేయండి. ఒకే చోట రెండు శిఖరాలు పదే పదే కనిపిస్తే మిశ్రమ నమూనా కావచ్చు.

తర్వాత ప్రొటీన్‌గా అనువదించి చూడండి. ఇక్కడ కొత్తవాళ్లు కంగారుపడతారు, మధ్యలో స్టాప్ కోడాన్లు (ప్రొటీన్ ఇక్కడితో ఆగాలనే గుర్తులు) కనిపిస్తాయి కాబట్టి. చపటా పురుగుల మైటోకాండ్రియాకు జన్యు సంకేతం వేరు. టీజీఏ అక్కడ స్టాప్ కాదు, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. సాఫ్ట్‌వేర్‌లో 9వ నంబర్ పట్టిక ఎంచుకోండి. అప్పుడూ స్టాప్‌లు కనిపిస్తే చదవడంలో తప్పుంది, లేదా అది వేరే జన్యువు.

సీక్వెన్సులు దాచే జెన్‌బ్యాంక్‌లో బ్లాస్ట్ చేసినప్పుడు, అంటే మీ సీక్వెన్స్‌ను అక్కడివాటితో పోల్చినప్పుడు, మొదటి పేరు చూసి ఆగిపోకండి. ఎంత శాతం కలిసింది, మీ ముక్కలో ఎంత పొడవు కలిసింది, రెండో జాతికి మధ్య ఎంత దూరం ఉంది, ఈ మూడూ చూడాలి. అక్కడ తప్పు పేరుతో దాచిన సీక్వెన్సులూ ఉంటాయి. ఒకే జాతికి చెందిన వేర్వేరు ల్యాబ్‌ల సీక్వెన్సులు కలిస్తేనే నమ్మండి.

ఇంకో చిక్కుంది. సాజినేటా, ఏసియాటికా కలిసి సంకరాలు పుట్టాయని కేంద్రక జన్యువుల పరిశీలనల్లో తేలింది. మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుంది కాబట్టి కాక్స్1 సగం కథే చెప్తుంది. ఈ రెండింటిలో ఏదో రోగికి మందు విషయంలో పెద్దగా తేడా పడదు. పరిశోధనకైతే పోల్డ్ లాంటి కేంద్రక జన్యువు కూడా చదవాలి.

9. రిపోర్టు, ఆ తర్వాత

రిపోర్టులో ఏ నమూనా, ఏ జన్యువు, ఏ కంట్రోళ్లు పనిచేశాయి అన్నవి ఉండాలి. దొరక్కపోతే "ఈ నమూనాలో టీనియా డీఎన్ఏ కనబడలేదు, ఇన్ఫెక్షన్ లేదని దీన్నిబట్టి నిర్ధారించలేం" అని రాయండి.

సోలియం అని తేలితే రిపోర్టును మామూలు కట్టలో కలపకుండా అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. అడగాల్సినవి:

- రోగికి ఫిట్స్, తలనొప్పి, చూపు సమస్యలు ఉన్నాయా?
- ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా?
- ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారు? రోగే వంట చేసే మనిషైతే ఎవరెవరికి వండుతున్నారు?

మూడోదాన్ని చాలామంది అడగరు. 1990ల మొదట్లో న్యూయార్క్‌లో పంది మాంసం ముట్టని సనాతన యూదు కుటుంబాల్లో మెదడు తిత్తులు బయటపడ్డాయి. ఆ ఇళ్లలో పనిచేసేవారి ద్వారా గుడ్లు చేరాయని విచారణలో తేలింది. శాకాహార కుటుంబాలు ఎక్కువగా ఉన్న మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. ఎవరినీ దోషిలా నిలబెట్టకుండా అడగాలి. పురుగు మోస్తున్న మనిషికి తరచుగా ఆ సంగతే తెలియదు, వారికీ వైద్యం అందాలి.

బడుల్లో నులిపురుగుల నివారణ దినోత్సవం రోజు ఇచ్చే ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో ఈ పని అయిపోయిందని అనుకోవద్దు. బద్దె పురుగు తేలినవారికి డాక్టర్ విడిగా మందు రాయాలి.

వైద్యం తర్వాత నెల రోజులకు ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి మలం చూడండి. మందు వేసిన వారంలోనే పీసీఆర్ చేస్తే చచ్చిన పురుగు తునకల డీఎన్ఏ కూడా పాజిటివ్ ఇస్తుంది, ఇంట్లోవాళ్లకు అనవసరపు టెన్షన్. తల మిగిలిపోతే రెండు మూడు నెలల్లో ముక్కలు మళ్లీ పడతాయి. అప్పుడు పోల్చుకోవడానికి మొదటి నమూనాలో సగం ఇథనాల్‌లో, తీసిన డీఎన్ఏ మైనస్ 20లో, రెండింటికీ ఒకే నంబర్ వేసి ఉంచండి.